గట్టాయన ఇంటి పిండి

ఉదయం పది కూడా కాకముందే గట్టాయనకి ఆకలేసింది.

మనిషన్నాక ఆకలి వెయ్యదా, ఇందులో వింతేముంది అంటారేమో. మీకూ నాకూ వేస్తుంది. గట్టాయనకి వెయ్యదు, అదే ఆయన గొప్ప. అరవై రెండేళ్ళ మనిషి, తెల్లారగానే రెండు రొట్టెలు తిని, గ్లాసుడు మజ్జిగ తాగి పొలానికి వెళ్ళాడంటే పొద్దు వాలేదాకా గట్టు మీద కూర్చునేవాడు కాదు. ఆయన వయసులో సగం ఉన్నవాళ్ళు పదకొండింటికే నీడ వెతుక్కుంటుంటే, "ఏం తింటున్నార్రా మీరు, గాలా?" అని వెక్కిరించేవాడు. అసలు పేరేమిటో ఓటర్ల జాబితా చూస్తే తప్ప ఎవరికీ గుర్తురాదు. పదకొండేళ్ళుగా ఊరందరికీ ఆయన గట్టాయనే.

అలాంటి మనిషి సోయా చేలో కలుపు తీస్తూ, పట్టుమని మూడు సాళ్ళు పూర్తి చెయ్యకుండానే కొడవలి కింద పెట్టేశాడు. కడుపు నకనకలాడుతోంది. కాళ్ళలో సత్తువ లేదు. వెళ్ళి గట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నాక, తను కూర్చున్నాడన్న సంగతి గ్రహించి చుట్టూ చూశాడు, ఎవరైనా చూశారేమోనని. నెల రోజులుగా ఇదే వరస. వయసు మీద పడిందా అనుకుంటే, వయసు మరీ ఇలా చెప్పాపెట్టకుండా ఒక్క నెలలో వచ్చి పడుతుందా? ఆయనకి ఏమీ పాలుపోలేదు.

ఆ నెలలో ఇంట్లో మారింది ఒక్కటే. పెళ్ళాం ఊళ్ళో లేదు. కూతురికి నెల ముందే నొప్పులొచ్చాయని ఫోన్ రాగానే కట్టుబట్టలతో బస్సెక్కింది. వంటిల్లు కోడలి చేతుల్లో పెట్టింది. కానీ ఆ కంగారులో అప్పగించాల్సినవన్నీ అప్పగించలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

కోడలు వచ్చి మూడు నెలలైంది. చురుకైన పిల్ల. తల్లి లేదు. తండ్రి ఒక హాస్టల్లో వంటమనిషి, ఒంటిచేత్తో పెంచాడు. ఆ పిల్ల రొట్టె ఒత్తితే అంచు ఒక్క చోట కూడా చిరగదు, కాలిస్తే మెత్తగా దూదిలా ఉంటుంది. అయినా ఆ పిల్ల వంట చేపట్టిన మొదటి రోజు నుంచీ గట్టాయన ముఖం అదోలా పెట్టాడు.

"ఎలా ఉన్నాయి మామయ్యా?"

"ఉన్నాయి."

"ఉప్పు తగ్గిందా?"

"లేదు."

"మరి?"

"ఏమో. తెల్లగా ఉన్నాయి."

రొట్టె తెల్లగా ఉండటం తప్పెలా అవుతుందో ఆ పిల్లకి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే ఆ మాట అన్న ఆయనకీ అర్థం కాలేదు. మర్నాడు పాలు పోసి కలిపింది. ఆ మర్నాడు గంట ముందు కలిపి నానబెట్టింది. ఒకరోజు మందంగా చేసింది, ఒకరోజు పల్చగా చేసింది, ఒకరోజు రెండుకి బదులు నాలుగు పెట్టింది. ఆయన అన్నీ తిన్నాడు. తిని, తల అడ్డంగా ఊపాడు.

"మీ అత్తయ్య చేస్తే మధ్యాహ్నం దాకా కడుపులో రాయేసినట్టు ఉండేది" అన్నాడు.

"రాయేసినట్టు ఉండాలా మామయ్యా?" అని ఆ పిల్ల నిజంగానే అడిగింది. ఎగతాళి కాదు. ఏది కావాలో చెబితే అది చేద్దామని. ఆయనకేమో ఎగతాళిలా వినబడింది.

ఇక్కడ సోయా గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. గట్టాయన ఇరవై రెండేళ్ళుగా సోయా పండిస్తున్నాడు. ఊళ్ళో అందరికన్నా ముందు వేసిందీ ఆయనే. కానీ ఆ గింజ ఆయన గడప దాటి వంటింట్లోకి రాకూడదు. చేలో పుట్టాలి, కళ్ళంలో రాలాలి, బస్తాలో లారీ ఎక్కాలి, అంతే. దీని వెనక ఒక అవమానం ఉంది. మొదటి పంట కోతకొచ్చిన రోజున పద్దెనిమిది మంది కూలీలకి భోజనం పెట్టాలి. కొత్త పంట కదా, రుచి చూపిద్దామని ఆయనే సరదాపడి పచ్చి గింజల్ని పిండి పట్టించి, పెళ్ళాం చేత ఉండలు చేయించి, నూనెలో అలా ముంచి ఇలా తీయించాడు. వేరే పప్పులతో చేస్తే బాగానే ఉంటాయి కదా, దీనికేమొచ్చింది అనుకున్నాడు. సోయాకి వచ్చింది. సరిగా ఉడక్కపోతే కడుపుని వదలదు. పద్దెనిమిది మందీ సాయంత్రానికల్లా పొట్ట పట్టుకుని పడుకున్నారు. మూడు రోజులు కోతకి మనిషి దొరకలేదు. ఆ మూడు రోజుల ఎండకి కాయలు పేలి, గింజలు నేలపాలయ్యాయి. సోయా పెట్టి సోయా పోగొట్టుకున్నవాడని ఊరు ఊరంతా నవ్వింది.

అప్పుడు ఒట్టేసుకున్నాడు. అది పశువుల దాణా, నూనె మిల్లు సరుకు, మనుషులు తినే తిండి కాదు. ఆ మాట టీ దుకాణంలో, విత్తనాల కొట్టులో, దారిలో కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడు. పెళ్ళాం ఒకసారేదో చెప్పబోతే కంచం తోసేసి లేచిపోయాడు. మొండితనానికీ ఒక హద్దుండాలి కదండీ. ఈయనకి ఉండేది కాదు.

సరే, ఆ సోమవారం గట్టు మీంచి లేచి ఇంటికొచ్చేసరికి పదిన్నర. కళ్ళు తిరుగుతున్నాయి. పక్కింటావిడ వాకిట్లో కూర్చుని కోడలితో కబుర్లు చెబుతోంది. పరాయి మనిషి ముందు తూలుతూ రావాల్సి వచ్చినందుకు ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కోడలి మీద పెట్టాడు.

"మీ పుట్టింట్లో నీకు పిండి కలపడం కూడా నేర్పలేదా?"

కోడలు లేచి నిలబడింది. "నాకు నేర్పింది మా నాన్న" అంది. లోపలికి వెళ్ళి తండ్రికి ఫోన్ చేసింది. గురువారం సెలవు దొరుకుతుంది, వచ్చి తీసుకెళతానన్నాడు తండ్రి.

కొడుకు ట్రాక్టరు డ్రైవరు. పొద్దున్నే పోతాడు, చీకటిపడేటప్పటికి వస్తాడు. మధ్యాహ్నం ఎక్కడ దున్నుతుంటే అక్కడే తింటాడు. ఆ సాయంత్రం తండ్రి ముందు కూర్చుని చాలాసేపు బూటు లేసు విప్పాడు.

"నాన్నా, అసలు తనేం తప్పు చేసింది?"

"తప్పని నేనన్నానా?"

"మరి ఏమన్నావు?"

గట్టాయన తల గోక్కున్నాడు. ఏమన్నాడో గుర్తుంది. ఎందుకన్నాడో మాత్రం తెలియడం లేదు. ఆయన కోడళ్ళని రాచిరంపాన పెట్టే రకం కాదు. ఆ పిల్ల ఇంట్లో తిరుగుతుంటే ఆయనకి హాయిగానే ఉంటుంది. ఇలా మనసు విరిగి వెళ్ళిన పిల్ల మళ్ళీ ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో రాదో ఎవరు చెప్పగలరు? కొడుకు ఒంటరివాడైపోతాడు. అంతా దేనికోసం అంటే, రొట్టె తెల్లగా ఉందని. తలుచుకుంటే ఆయనకే సిగ్గేసింది. కానీ మర్నాడు పదింటికి మళ్ళీ ఆకలేసింది.

మంగళవారం పెళ్ళానికి ఫోన్ చేశాడు.

"ఏం పెడుతోంది?" అని అడిగింది ఆవిడ.

"రొట్టెలే. నువ్వు చేసేవే. కానీ నిలవడం లేదు."

"పిండి ఎక్కడిది?"

"ఎక్కడిదేమిటి? మన గోధుమలు. ఎప్పటిలా మిల్లులో పట్టించింది."

ఫోన్ కట్టయిందేమోనని ఆయన చెవి దగ్గర్నుంచి తీసి చూసుకున్నాడు.

"ఆ పిల్లనేమీ అనకండి" అందావిడ చివరికి.

"నేనేమన్నాను?"

"ఏమీ అనకండి, అంతే. తప్పు తనది కాదు."

"మరి ఎవరిది?"

"పాప ఏడుస్తోంది, మళ్ళీ చేస్తాను" అని పెట్టేసింది. ఆయనకి పాప ఏడుపేమీ వినబడలేదు. తప్పు తనది కాదట. అంటే తప్పంటూ ఒకటి ఉందన్నమాట. ఆ సంగతి అరవై మైళ్ళ దూరంలో ఉన్నావిడకి తెలుసు, ఇంట్లో కూర్చుని తింటున్న తనకి తెలియదు. ఇదేం తిరకాసో ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు.

బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. డాక్టరు నాడి చూశాడు, రక్తం తీయించాడు, కాళ్ళు నొక్కి చూశాడు.

"మీకు జబ్బేమీ లేదు. ఏం తింటారు?"

"రొట్టె."

"రొట్టెతో పాటు?"

"మజ్జిగ. దొరికితే కూర."

"పప్పు?"

"ఎప్పుడో."

"ఏం పండిస్తారు?"

"సోయా."

"అయితే ఇంకేం, అది తినండి. అంతకన్నా బలమైన గింజ లేదు."

గట్టాయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ లేచాడు. "అది పశువులు తినేదండీ. నేను పండిస్తున్నాను కాబట్టి నాకు తెలుసు" అన్నాడు. డాక్టరు ఇంకేదో చెబుతున్నా వినకుండా బయటికొచ్చేశాడు. చదువుకున్నవాడు కూడా ఇలా మాట్లాడితే ఇక ఎవర్ని అడగాలని దారి పొడుగునా గొణుక్కున్నాడు.

ఆ గొణుగుడులోనే ఆయనకి మిల్లు తట్టింది. గోధుమలు మారలేదు, నీళ్ళు మారలేదు, పొయ్యి మారలేదు. ఇక మిగిలింది మిల్లు. రాళ్ళు వేడెక్కి పిండిలో సారం చచ్చిపోతోంది, ఇంకేముంది. దొంగ దొరికినంత సంబరపడ్డాడు. అప్పటికప్పుడు ఒక లెక్క కూడా వేసుకున్నాడు. గురువారం పొద్దున్నే మిల్లువాడి సంగతి తేల్చి, వియ్యంకుడు దిగేలోపల ఇంటికొచ్చి, తప్పు మిల్లుదేనమ్మా అని కోడలికి చెప్పేస్తే సరి. తనదీ కాకుండా, కోడలిదీ కాకుండా తప్పుని మూడోవాడి నెత్తిన పెట్టెయ్యచ్చు.

మర్నాడు సంచిలో రెండు గుప్పెళ్ళ పిండి పట్టుకుని మిల్లుకి వెళ్ళాడు. మిల్లు గదిలో బూజు కూడా తెల్లగానే ఉంటుంది. మిల్లాయన కనుబొమల దాకా పిండి కొట్టుకుని, బెల్టు సర్దుతున్నాడు.

"ఈ పిండేమిటయ్యా ఇలా ఏడ్చింది? రాళ్ళు మార్చవా?"

"మొన్ననే గాట్లు కొట్టించాను పెద్దాయనా. పిండికేం, బాగానే ఉందిగా."

"బాగుంటే నా కడుపులో ఎందుకు నిలవదు? అదే గోధుమ, అదే మిల్లు. మా ఆవిడ తెచ్చినప్పుడు ఒకలా, కోడలు తెచ్చినప్పుడు ఒకలా ఎందుకు పడుతుంది?"

మిల్లాయన పెరటి తలుపు వైపు చూశాడు. చూసి, చూడనట్టు మళ్ళీ బెల్టు పట్టుకున్నాడు. గట్టాయన ఆ తలుపు తోసుకుని వెళ్ళాడు.

పెరట్లో మూడు పొయ్యిలు మండుతున్నాయి. మూడింటి మీదా పెద్ద గిన్నెలు. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు. ఒకావిడ గరిటెతో నురగ తీస్తోంది, ఇంకొకావిడ ఉడికిన గింజల్ని చన్నీళ్ళలో పిసికి పొట్టు తేలుస్తోంది. గోడ పొడుగునా దుప్పట్లు పరిచి ఉన్నాయి. వాటి నిండా పచ్చగా సోయా గింజలు ఎండుతున్నాయి. ఆయన అడుగు పెట్టగానే మాటలన్నీ ఆగిపోయాయి.

గట్టాయన గిన్నెల వైపు చూశాడు, దుప్పట్ల వైపు చూశాడు. విత్తనాల్ని ఉడకబెడితే మొలకెత్తవు కదా అన్న ఆలోచన వచ్చింది ముందు.

"ఎవరి పశువులకమ్మా ఇదంతా?"

నురగ తీస్తున్నావిడ టీ దుకాణం వాడి పెళ్ళాం. ఆ దుకాణంలోనే కదా ఈయన రోజూ కూర్చుని సోయాని ఆడిపోసుకునేది. ఆవిడ గరిటె కింద పెట్టింది.

"మా ఇంట్లో రెండుకాళ్ళదొకటుంది అన్నయ్యా, దానికి."

ఎవరో కిసుక్కుమన్నారు. గట్టాయన నవ్వలేదు. మిల్లాయన వెనకే వచ్చి నిలబడ్డాడు, చేతులు తుడుచుకుంటూ.

"ఇక దాచి లాభం లేదు పెద్దాయనా. నాలుగు డబ్బాల గోధుమలకి ఒక డబ్బా ఇవి కలిపి పిండి పట్టించుకెళతారు. దాదాపు అన్ని ఇళ్ళకీ ఇదే పిండి. మీ ఇంటికి పదకొండేళ్ళయింది."

"మా ఇంటికా?"

"కళ్ళంలో చివర మీ ఆవిడ ఊడ్చుకునే గింజలు, అవే. బస్తాలో కట్టి ఇక్కడే పెట్టుకునేది. మీ కోడలు గోధుమలొక్కటే తెచ్చింది. చెబుదామనుకున్నాను. కొత్త పిల్ల, మీ దగ్గర అనేస్తుందేమోనని నోరు మూసుకున్నాను."

గట్టాయన అక్కడే ఒక బోర్లించిన గంప మీద కూర్చున్నాడు. ఏటా కళ్ళంలో అందరూ వెళ్ళిపోయాక ఆవిడ చీపురు పట్టుకుని ఉండిపోయేది. పిసినారి అని ఎన్నిసార్లు ఏడిపించాడో.

"ఆ రోజు కూలీలకి పెట్టినప్పుడు ఉడకబెట్టకపోవడమే పొరపాటు" అంది టీ దుకాణం ఆవిడ. "మాకూ తెలిసేది కాదు. ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చూపించింది. నీళ్ళు కళపెళా మరిగాక గింజలు వెయ్యాలి, ఇరవై నిమిషాలు ఉడకాలి, పొట్టు తీసి రెండు రోజులు ఎండాలి. అప్పుడే పిండి. వదిన అందరికన్నా ముందు నేర్చుకుంది. మీరు చేలో పడిపోయిన ఏడు."

పడిపోయిన ఏడు. అవును, పడిపోయాడు. పప్పులు దొరకని ఏడది, కలుపు తీస్తూ సాల్లోనే ఒరిగిపోయాడు. మంచం మీద రెండు నెలలున్నాడు. తర్వాత లేచాడు. ఎలా లేచావయ్యా అని ఎవరడిగినా, "పట్టుదల" అని రొమ్ము విరుచుకుని చెప్పేవాడు. గట్టాయన అన్న పేరు వచ్చింది అప్పుడే.

ఇంటికి నడుస్తుంటే ఆయనకి ఏ ఆలోచనా ఒక దారిన పోలేదు. పెళ్ళాం మీద కోపం వచ్చింది, రెండడుగులు వేసేసరికి అది పోయింది. మోసం చేసిందనుకున్నాడు. మోసం చేస్తే నష్టపోవాలి కదా, తను బాగుపడ్డాడాయె. తను తిట్టినదాన్నే తిన్నాడు, తిన్న బలంతో మళ్ళీ దాన్నే తిట్టాడు. మరి ఆ పట్టుదల ఏమైనట్టు? అసలు అందులో తనదంటూ ఏమైనా ఉందా? దారిలో ఎవరో పలకరిస్తే, ఏమని బదులిచ్చాడో కూడా తెలియదు.

ఇంటికొచ్చేసరికి వియ్యంకుడు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గుమ్మం పక్కన కోడలి సంచి. కొడుకు పనికి వెళ్ళకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ముందురోజు అనుకున్న మాటలేవీ గట్టాయన నోటికి రాలేదు.

"బావగారూ, అమ్మాయి చేతిలో లోపం లేదు. పిండిలో సోయా లేదు, అదీ సంగతి" అనేశాడు.

వియ్యంకుడికి ఏమీ అర్థం కాలేదు. కొడుక్కీ అర్థం కాలేదు. గట్టాయన మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు, తడబడుతూ, ముందుది వెనక, వెనకది ముందు. కొడుకు మధ్యలో ఒకసారి తన పొట్ట వైపు చూసుకున్నాడు. అంతా అయ్యాక కోడలి వైపు తిరిగి, "నీకు పిండి కలపడం రాదన్నాను. అది తప్పు. నేర్పినాయన ముందే ఒప్పుకుంటున్నాను" అన్నాడు.

కోడలు మెత్తబడుతుందనుకున్నాడు. ఆ పిల్ల ముఖం ఇంకా బిగుసుకుంది.

"అత్తయ్యకి తెలుసన్నమాట" అంది. "నేను రోజుకో రకంగా కలిపి చస్తుంటే, ఎందుకు కుదరడం లేదో ఆవిడకి తెలుసు. తెలిసీ చెప్పలేదు."

గట్టాయన పెళ్ళానికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. "మిల్లు పెరట్లోకి వెళ్ళాను" అన్నాడు. అవతల ఊపిరి వినబడింది.

"పారబోశారా?" అని అడిగిందావిడ.

"ఏమిటి?"

"గింజలు. పారబోశారా?"

"లేదే."

"పారబోస్తారనుకున్నాను. కోడలితో చెబితే మీకు తెలుస్తుంది, తెలిస్తే మానేస్తారు, మానేస్తే మళ్ళీ పడిపోతారు. ఆ పిల్లని మీరేమంటున్నారో తెలిసి కూడా నోరు మూసుకున్నాను. నాకు బుద్ధి లేదు, నిజమే. పదకొండేళ్ళ నుంచీ మీ ముందు రొట్టె పెట్టిన ప్రతిసారీ, మొదటి ముక్క మీరు మింగేదాకా నేను ఊపిరి పీల్చలేదండీ."

గట్టాయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భార్య తనని చూసి మురిసిపోతూ ఎదురుగా కూర్చుంటుందనుకునేవాడు ఇన్నాళ్ళూ.

కోడలు వచ్చి ఫోన్ ఆపేసింది. కోపంగా కాదు. ఆపి, ఆయన చేతిలో పెట్టింది.

"నేను అత్తయ్యలా ఉండలేను మామయ్యా. అంతంత భయం పెట్టుకుని, దాచి వండటం నావల్ల కాదు. మీకు నచ్చనిదైనా మీ ముందే ఉడకబెడతాను, మీ ముందే పెడతాను. అలా అయితే ఉంటాను. లేదంటే నాన్నతో వెళ్ళిపోతాను. చెప్పండి."

గట్టాయన ముక్కు తుడుచుకున్నాడు. ఇక మీద ఎప్పుడూ అరవనని చెబుదామని నోరు తెరిచాడు. ఆ మాట నిలబెట్టుకోలేడని ఆయనకే తెలుసు.

"ఉండమ్మా" అన్నాడు. "నేనెలాగూ అరుస్తాను. నువ్వు వండు."